జబ్బుకు ముందు గడిచిన జీవితం: పాఠకుల ప్రశ్నలు, డాక్టరు సమాధానాలు

ఒకే ఊళ్లో, ఒకే వయసులో ఉన్న ఇద్దరిలో ఒకరికి నలభై ఏళ్లకే గుండెజబ్బు రావడానికి, మరొకరు ఎనభై ఏళ్ల దాకా తన పనులు తాను చేసుకోగలగడానికి కారణాలు చాలావరకు ఆసుపత్రి గోడల బయటే ఉంటాయని గత సంచికలో ఈ శీర్షిక కింద రాశాను. తల్లి కడుపులో ఉన్నప్పుడు అందిన తిండి, బడి, తాగిన నీరు, చేసిన పని, ఆ పనికి వచ్చిన కూలి, జబ్బుపడినప్పుడు నడిచి వెళ్లగలిగినంత దూరంలో వైద్యుడు ఉన్నాడా లేదా అన్నది, వీటన్నిటినీ కలిపి ప్రజారోగ్య శాస్త్రం ఆరోగ్యాన్ని నిర్ణయించే సామాజిక కారణాలు అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటి మీద 2005లో ఒక కమిషన్‌ను నియమించగా, దాని నివేదిక 2008లో వెలువడింది. ఆ వ్యాసం చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. వాటిలో అయిదింటికి ఈసారి సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: మా చిన్నతనంలో ఊరంతా పేదవాళ్లమే. గంజి తాగి, చెప్పులు లేకుండా నాలుగు మైళ్లు నడిచి బడికి వెళ్లేవాళ్లం. ఎవరికీ బీపీ లేదు, షుగరు లేదు. ఇప్పుడు అన్నీ ఉన్నా ఇంటికొక రోగి ఉన్నాడు. బీడీ, సారా మానమని గట్టిగా చెప్పవలసిన వైద్యులే నెపాన్ని పేదరికం మీదికి నెడితే ఇక మనిషి బాధ్యత ఏమవుతుంది?
– విశ్రాంత ఉపాధ్యాయులు, తెనాలి

సమాధానం: మాస్టారూ, మీ ప్రశ్న సూటిగా ఉంది కనుక నేనూ సూటిగానే చెబుతాను. ఆ రోజుల్లో అందరూ గట్టిగా ఉండేవారన్న మాట ఇవాళ మనతో చెబుతున్నది ఆనాటి పిల్లల్లో బతికి బట్టకట్టినవారు మాత్రమే. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువుల్లో 129 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు. అంటే ఎనిమిది మందిలో ఒకరు. 2020 నాటికి ఆ సంఖ్య దేశంలో 28కి, ఆంధ్రప్రదేశ్‌లో 24కి, తెలంగాణలో 21కి దిగింది. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో సగటు ఆయుర్దాయం ముప్పయి రెండేళ్ల దగ్గర ఉండేది, ఇప్పుడది డెబ్బై దగ్గర ఉంది. మీ తరగతిలో మీ పక్కన కూర్చోవలసిన పిల్లలు కొందరు బడిదాకా రానేలేదు. వారి బలహీనత గురించి చెప్పడానికి ఇవాళ వారు లేరు. ఎవరికీ బీపీ లేదన్న మాట కూడా అటువంటిదే. పల్లెల్లో ఆ రోజుల్లో బీపీ కొలిచినవారు ఎవరు? పక్షవాతం వచ్చి మంచాన పడిన పెద్దవాళ్లను గాలి సోకిందని, చెయ్యి పడిపోయిందని అనడం మీరూ వినే ఉంటారు.

బాధ్యత సంగతికి వస్తే, నా దగ్గరకు వచ్చే ప్రతి రోగికీ బీడీ మానమనే చెబుతాను, ఇకముందూ చెబుతాను. అయితే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు వరుసగా చూపిస్తున్న ఒక విషయం ఉంది: చదువు పెరిగేకొద్దీ, ఆదాయం పెరిగేకొద్దీ పొగాకు వాడకం మెట్టుమెట్టుగా తగ్గుతుంది. అలవాటు కేవలం మనసు గట్టిదనానికి సంబంధించినదైతే అది ఆదాయం మెట్ల ప్రకారం ఎందుకు దిగాలి? మరో లెక్క చూడండి. 2019–21 సర్వే ప్రకారం పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రెండు రాష్ట్రాల్లో సగానికి మించిన ఆడవాళ్లు ఒకేసారి తమ ఒంటి మీద శ్రద్ధ మానుకున్నారని మనం అనగలమా? 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు ఎన్నో ఇళ్లలో ఆకలి తీరింది. అది చిన్న మేలు కాదు. కాని పప్పు, కూరగాయలు, గుడ్డు మార్కెట్ ధరకే మిగిలిపోయినందువల్ల పళ్లెంలో అన్నం కొండగా పెరిగి, పక్కన ఉండవలసినవి చిటికెడే అయ్యాయి. అటువంటి పళ్లెం ముందు కూర్చున్న మనిషికి బాధ్యత లేదని నేను అనడం లేదు. ఆ బాధ్యత నెరవేర్చగలిగే వీలు అందరికీ సమానంగా లేదని మాత్రమే అంటున్నాను.

ప్రశ్న: నేను పద్దెనిమిదేళ్లుగా అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్నాను. గర్భిణులకు, బాలింతలకు సెంటరులోనే భోజనం, గుడ్డు, పాలు ఇస్తాం. పిల్లల బరువు తూస్తాం. ఊళ్లో కొందరు ‘ఒక పూట తిండితో బతుకులు మారతాయా’ అని అంటుంటారు. నాట్ల కాలంలో, పత్తి ఏరే కాలంలో గర్భిణులు కూలికి పోయి మధ్యాహ్నం రారు. ఇంటికి పంపిస్తే ఇంటిల్లిపాదీ పంచుకుంటారు. మేము చేసే పనివల్ల ఆ పిల్లలు పెద్దయ్యాక నిజంగా తేడా ఏమైనా ఉంటుందా?
– అంగన్‌వాడీ టీచర్, మహబూబ్‌నగర్ జిల్లా

సమాధానం: అమ్మా, ఉంటుంది. దీనికి మంచి ఆధారం ఎక్కడో విదేశాల్లో కాదు, హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లోనే దొరికింది. మీ తోటివారందరికీ తెలియవలసిన విషయం కనుక కొంచెం వివరంగా రాస్తాను.

మీ అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న మొదలైనా ఒక్కసారిగా అన్ని ఊళ్లకూ రాలేదు, విడతలుగా వచ్చింది. 1987–90 మధ్య హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దీన్నే ఒక అవకాశంగా తీసుకున్నారు. పథకం అప్పటికే అందుతున్న పదిహేను ఊళ్లను, ఇంకా అందని పద్నాలుగు ఊళ్లను పక్కపక్కన పెట్టి చూశారు. మొదటి రకం ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు రోజుకు సుమారు 500 కేలరీలు, 20 నుంచి 25 గ్రాముల మాంసకృత్తులు, ఆరేళ్లలోపు పిల్లలకు సుమారు 300 కేలరీలు, 8 నుంచి 10 గ్రాముల మాంసకృత్తులు అదనంగా అందేవి. అది మొక్కజొన్న, సోయా పిండితో వండిన సాదాసీదా తిండి. విందు భోజనమేమీ కాదు. పదిహేనేళ్ల తర్వాత పరిశోధకులు మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లి, అప్పుడు పుట్టినవారిలో పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య ఉన్న 1,165 మందిని పరీక్షించారు.

తిండి అందిన ఊళ్ల పిల్లలు రెండో రకం ఊళ్ల పిల్లలకన్నా సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగారు. వారి రక్తనాళాలు మరింత మెత్తగా సాగే గుణంతో ఉన్నాయి, ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. ఒంటి కొవ్వులో మాత్రం తేడా లేదు. రక్తనాళాలు గట్టిపడడం గుండెజబ్బుకు, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం మధుమేహానికి తొలిమెట్లు. ఇరవై, పాతికేళ్ల వయసులో మళ్లీ చూసినప్పుడు, చిన్ననాడు ఆ తిండి అందిన ఊళ్లలో పైచదువుల దాకా వెళ్లినవారు ఎక్కువగాను, అప్పటికే పెళ్లి అయినవారు తక్కువగాను ఉన్నారు. ఈ మేలు తల్లి తిన్నదానివల్ల వచ్చిందా, బిడ్డ తిన్నదానివల్ల వచ్చిందా అని ఆ పరిశోధన విడదీసి చెప్పలేదు, ఎందుకంటే ఆ ఊళ్లలో ఇద్దరికీ అందింది. మీ సెంటరులోనూ ఇద్దరికీ అందుతోంది కదా.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే, తల్లులకు చెప్పడం మీకు తేలికవుతుంది. కడుపులోని బిడ్డకు తిండి చాలనప్పుడు శరీరం ఉన్నదాన్ని ముందుగా మెదడుకు మళ్లిస్తుంది. కండరాలు, ఇన్సులిన్ తయారుచేసే క్లోమం, మూత్రపిండాలు వెనకబడతాయి. పుణె దగ్గరి పల్లెల్లో 1993లో మొదలైన పరిశోధనలో తేలిందేమిటంటే, అక్కడి శిశువులు బ్రిటన్ శిశువులకన్నా బాగా తక్కువ బరువుతో పుట్టారు, అయితే కండ తగ్గినంతగా కొవ్వు తగ్గలేదు. చిన్న క్లోమంతో, తక్కువ కండతో పుట్టిన ఆ బిడ్డ ఇరవై ఏళ్ల తర్వాత పట్నం వెళ్లి, కూర్చుని చేసే పనిలో చేరి, రోజుకు మూడు పూటలా అన్నం తినగలిగినప్పుడు ఆ భారాన్ని అతని ఒళ్లు మోయలేకపోతుంది. ముప్పయి అయిదేళ్లకే షుగరు వచ్చిందని మనం ఆశ్చర్యపోయే కుర్రవాడి కథ చాలాసార్లు మీ సెంటరు తూకం దగ్గరే మొదలై ఉంటుంది.

గర్భం నిలిచినప్పటి నుంచి బిడ్డకు రెండో ఏడు నిండేదాకా ఉన్న సుమారు వెయ్యి రోజులు అన్నిటికన్నా విలువైనవి. 2019–21 సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం ఉన్నారు. అందువల్ల బరువు తూయడంతో ఆగకుండా ఎత్తు కొలవడాన్ని కూడా తప్పనిసరి చేసుకోండి. బరువు కొన్ని వారాల్లో పెరుగుతుంది, తగ్గుతుంది. ఎత్తు మాత్రం గడిచిన సంవత్సరాల లెక్క చెబుతుంది.

కూలికి వెళ్లే గర్భిణుల గురించి మీరు రాసింది ఈ సమస్యకు అసలైన ముడి. తెలంగాణలో 2015 జనవరి 1న ఆరోగ్యలక్ష్మి మొదలుపెట్టినప్పుడు సెంటరులోనే కూర్చోబెట్టి తినిపించాలని నియమం పెట్టడానికి కారణం, మీరన్నట్టు, ఇంటికి వెళ్లిన తిండిలో గర్భిణి వాటా చివరికి మిగిలేదే కావడం. ఆ నియమం మంచిదే. కాని ఎవరికి ఆ తిండి అన్నిటికన్నా ఎక్కువ అవసరమో ఆ మనిషే మధ్యాహ్నం రెండు గంటలకు పత్తి చేలో ఉంటుంది. పథకం వేళ ఆమె పని వేళతో కలవకపోతే తప్పు ఆమెది కాదు. పని ముమ్మరంగా ఉండే నెలల్లో ఆమె పొలానికి బయలుదేరే ముందు పొద్దున్నే గుడ్డు, పాలు సెంటరులో ఇచ్చే ఏర్పాటు గురించి మీ సూపర్‌వైజరుతో మాట్లాడండి, గ్రామ సభలో తీర్మానం చేయించండి. వలస వెళ్లే కుటుంబాల పిల్లల వివరాలను అంగన్‌వాడీల నమోదు యాప్ పోషణ్ ట్రాకర్‌లో వారు చేరే ఊరి సెంటరుకు మార్చే వీలు ఉంది. మీ జిల్లాకు వలస కొత్త కాదు కనుక, వాళ్లు బయలుదేరకముందే ఆ పని చేయడం అవసరం. ఇక ఆడపిల్లల పెళ్లి సంగతి. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. ఎదుగుదల పూర్తికాని తల్లి కడుపులో బిడ్డ ఎదగాలంటే ఇద్దరూ ఒకే తిండి కోసం పోటీపడవలసి వస్తుంది. మీ ఊళ్లో ఒక్క అమ్మాయిని ఇంటర్ పూర్తయ్యేదాకా బడి మానకుండా ఆపగలిగినా అది గర్భిణికి పెట్టే గుడ్డుతో సమానమైన వైద్యమే.

ప్రశ్న: మా వారికి నలభై ఒక్క ఏళ్లు. ఒక అపార్టుమెంటులో సెక్యూరిటీ గార్డుగా చేస్తున్నారు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా డ్యూటీ. రిలీవరు రాకపోతే ఇంకో పూట కూడా ఉండాలి. వారం సెలవు లేదు, రాని రోజుకు జీతంలో కోత. మందు, సిగరెట్టు అలవాటు లేదు. అయినా బీపీ 170 ఉందన్నారు. డాక్టరు గారు మాత్రలు రాసి ‘టెన్షన్ పడకు, రోజూ గంటసేపు వాకింగ్ చెయ్యి’ అన్నారు. పదహారు వేల జీతంలో ఇద్దరు పిల్లలతో టెన్షన్ ఎలా తగ్గించుకుంటారు? ఈ జబ్బు ఉద్యోగం వల్ల వచ్చిందా?
– ఒక గృహిణి, కూకట్‌పల్లి, హైదరాబాద్

సమాధానం: అమ్మా, ముందు వైద్యం మాట. ఆయన మాత్ర ఒక్క రోజు కూడా మానకూడదు. తలనొప్పి ఉన్న రోజు వేసుకుని, లేని రోజు మానేసేది కాదు అది. డ్యూటీ నుంచి వచ్చాక కానీ, డ్యూటీకి వెళ్లేముందు కానీ, డాక్టరు చెప్పిన ఒకే వేళకు వేసుకునేట్టు మీరు చూడండి. కూరలో ఉప్పు, పచ్చళ్లు తగ్గించండి. మీ బస్తీ దవాఖానాలో బీపీ చూసి మాత్రలు ఉచితంగా ఇస్తారు.

ఒక మనిషికి వచ్చిన బీపీ ఫలానా ఉద్యోగం వల్లే వచ్చిందని ఏ వైద్యుడూ ఖాయంగా చెప్పలేడు. ఇటువంటి ఉద్యోగం చేసే వేలమందిని కలిపి చూసినప్పుడు మాత్రం సంబంధం స్పష్టంగా కనిపిస్తుంది. లండన్‌లో 1967లో సుమారు పద్దెనిమిది వేలమంది ప్రభుత్వ ఉద్యోగుల మీద ఒక పరిశోధన మొదలైంది. అందరివీ ఆఫీసు ఉద్యోగాలే, అందరికీ నెల జీతాలే, 1948 నుంచి ఆ దేశంలో వైద్యం ఉచితమే. అయినా అట్టడుగు మెట్టు ఉద్యోగులు గుండెజబ్బుతో చనిపోయే రేటు పై మెట్టు అధికారులకన్నా సుమారు మూడు రెట్లు ఎక్కువగా ఉంది. సిగరెట్టు, బీపీ, కొలెస్టరాల్ వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో మూడో వంతుకు కూడా సమాధానం దొరకలేదు. 1985లో మళ్లీ 10,308 మందితో, ఈసారి స్త్రీలను కూడా చేర్చుకుని, రెండో పరిశోధన మొదలుపెట్టారు. అందులో బయటపడిన ముఖ్యమైన కారణాల్లో ఒకటి, తన పని మీద తనకు అదుపు లేకపోవడం. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో, ఏ పని ముందు చేయాలో, ఎప్పుడు సెలవు పెట్టాలో చెప్పే అధికారం లేని ఉద్యోగులకు గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉంది. టెన్షన్ అనగానే మనకు పెద్ద కుర్చీలో కూర్చున్న మేనేజరు గుర్తుకొస్తాడు. గేటు దగ్గర రాత్రంతా నిలబడి, రిలీవరు వస్తాడో రాడో తెలియక గడియారం చూసుకునే మనిషి గుర్తుకురాడు. ఎక్కువ దెబ్బతినేది మాత్రం ఆ రెండో మనిషి ఒళ్లే.

పని గంటల సంగతి ఇంకా స్పష్టం. వారానికి 35–40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, ఆ పైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. మీవారు రోజుకు పన్నెండు గంటల చొప్పున ఏడు రోజులు చేస్తే 84 గంటలవుతుంది. అందులోనూ అవి రాత్రి గంటలు. రాత్రిపూట సహజంగా దిగవలసిన బీపీ మేలుకుని ఉన్న మనిషికి దిగదు, పగటి నిద్ర ఆ లోటు పూర్తిగా తీర్చదు. ఇన్ని గంటలు పనిచేసి వచ్చిన మనిషికి గంటసేపు నడక రాసిచ్చే ముందు వైద్యులు ‘నువ్వు ఎన్ని గంటలు పడుకుంటున్నావు’ అని అడగాలి. మా వృత్తిలో ఉన్న లోపం ఇది. రోగి ఏం తింటున్నాడో అడుగుతాం, ఏం పనిచేస్తున్నాడో అడగం.

మీరు వెంటనే చూడవలసింది ఒకటి ఉంది. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థల్లో నెలకు ఇరవై ఒక్క వేలలోపు జీతం ఉన్నవారికి ఈఎస్ఐ అనే ఉద్యోగుల బీమా వర్తిస్తుంది. జీతం నుంచి 0.75 శాతం పోతుంది, యజమాని 3.25 శాతం కడతాడు. గార్డులను పంపే ఏజెన్సీ ఈ పరిధిలోకి వస్తుంది. ఆయన పేస్లిప్‌లో ఈఎస్ఐ కోత ఉందా, ఇన్సూరెన్స్ నంబరు ఉందా చూడండి. కోత ఉండి కార్డు ఇవ్వకపోతే, లేదా అసలు నమోదే చేయకపోతే, ఈఎస్ఐ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. కార్డు ఉంటే కుటుంబమంతటికీ వైద్యం దొరుకుతుంది. జబ్బుపడి డాక్టరు సెలవు రాసినప్పుడు ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. ‘రాని రోజుకు కోత’ అన్న భయం కొంతైనా తగ్గితే అది ఆయన బీపీకి కూడా మందే.

ఈ శీర్షిక చదివే అపార్టుమెంటు సంఘాల సభ్యులకు కూడా ఒక మాట చెప్పాలి. దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే హక్కు కల్పిస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు తెచ్చాయి. మీ గేటు దగ్గర ఒక కుర్చీ, తాగునీరు, మరుగుదొడ్డి, వారానికొక సెలవు, పన్నెండు గంటలకు బదులు ఎనిమిది గంటల చొప్పున ముగ్గురు గార్డులు ఉండాలంటే నెల మెయింటెనెన్స్ కొంత పెరుగుతుంది. ఆ ఖర్చును ఇప్పుడు మీ గార్డు తన ఆరోగ్యంతో కడుతున్నాడు.

ప్రశ్న: మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకు వస్తోందో ఇన్నేళ్లయినా తేల్చలేదు. కారణం తెలియకుండా కోట్లు పెట్టి నీళ్లు తెచ్చి, పలాసలో ఆసుపత్రి కట్టి ఏం ప్రయోజనం?
– ఒక యువరైతు, కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: తమ్ముడూ, మీ ఇళ్లలో మీరు చూసిన చావుల తర్వాత ఈ కోపం న్యాయమైనదే. నీటిలోని రసాయనాలు, ఎండలో చేసే శ్రమ, నొప్పి మాత్రల వాడకం, పురుగుమందులు, ఇలా ఎన్నిటినో అనుమానించారు, ఏ ఒక్కటీ ఖాయంగా తేలలేదు. అయినా కారణం తేలేదాకా ఏ పనీ చేయకూడదనడాన్ని నేను ఒప్పుకోను. దీనికి ఎదురు ఉదాహరణ మన దగ్గరే ఉంది. నీటిలోని ఫ్లోరైడ్ ఎముకలను వంకర చేస్తుందని నేటి ప్రకాశం జిల్లా ప్రాంతాల్లో 1937లోనే గుర్తించారు. కారణం అంత స్పష్టంగా తెలిసినా, నల్గొండ జిల్లా పల్లెలకు దూరం నుంచి మంచినీరు తెచ్చే మిషన్ భగీరథ మొదలయ్యేసరికి 2016 వచ్చింది. కారణం తెలియడం ఒక సంగతి, పేద ఊళ్లకు నీళ్లు రావడం మరో సంగతి.

మీవంటి జబ్బే నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల కూలీలలో, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతుల్లో ఉంది. నికరాగువాలో చెరకు నరికేవారికి పని మధ్యలో నీడ, నీళ్లు, విశ్రాంతి పెంచినప్పుడు ఆ కాలంలో కిడ్నీలు దెబ్బతినడం తగ్గిందని తేలింది. జీడి, కొబ్బరి తోటల్లో మీరు ఇవాళ్టి నుంచే చేయగలిగింది ఇదే: నడి ఎండ వేళ పని ఆపడం, దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతూ ఉండడం. ఒళ్లునొప్పులకు మందుల షాపులో అడిగి వేసుకునే డైక్లోఫెనాక్ వంటి మాత్రలు పూర్తిగా మానండి. 2023 డిసెంబరులో పలాసలో మొదలైన రెండు వందల పడకల ఆసుపత్రి వల్ల డయాలసిస్ కోసం విశాఖ దాకా వెళ్లే భారం తగ్గింది. అది కూడా ప్రయోజనమే. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే మిగతావారంతా ఏడాదికొకసారి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష, మూత్ర పరీక్ష చేయించుకోవాలి.

ప్రశ్న: ప్రకాశం జిల్లాలో మా నాన్నగారికి మూడు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. ఆరోగ్యశ్రీ కార్డు ఉండడం వల్ల వైద్యానికి ఖర్చు కాలేదు. అంత ఖరీదైన వైద్యం ఉచితంగా అందినప్పుడు పేదవారికి వైద్యం అందడం లేదనడం సరికాదేమో అనిపిస్తోంది. ఆయనకు ఆరేళ్లుగా బీపీ ఉందట. తల తిరిగినప్పుడు ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర మాత్ర తెచ్చుకునేవారు. ఇప్పుడు కుడి చెయ్యి పనిచేయదు, అమ్మ ఒక్కతే చూసుకుంటోంది.
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

సమాధానం: 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో కుటుంబాలను అప్పుల నుంచి కాపాడింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. కాని మీ ఉత్తరంలోనే సమాధానం ఉంది. లక్షల విలువైన వైద్యం మీ నాన్నగారిని వెతుక్కుంటూ వచ్చింది, రోజుకొకటి చొప్పున వేసుకోవలసిన చవక మాత్ర మాత్రం ఆరేళ్లపాటు ఆయన దాకా రాలేదు.

వేల్స్‌లోని గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గుగని గ్రామంలో పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే వైద్యుడు 1971లో ఒక సంగతి రాశారు: మంచి వైద్యం అవసరం ఎక్కువగా ఉన్నచోట అది తక్కువగా దొరుకుతుంది, వైద్యం మార్కెట్ చేతిలోకి వెళ్లేకొద్దీ ఈ వ్యత్యాసం పెరుగుతుంది. ఆయన రాసి ఊరుకోలేదు. రోగి వచ్చేదాకా ఎదురుచూడకుండా ఊళ్లోని పెద్దలందరి బీపీ కొలిచారు, రానివారిని ఇంటికి వెళ్లి పిలిచారు, పాతికేళ్లపాటు ఆ పని వదల్లేదు. 1991లో పక్కనున్న అటువంటి గ్రామంతో పోల్చి చూసినప్పుడు గ్లిన్‌కోరుగ్‌లో అరవై అయిదేళ్లలోపు మరణాలు నాలుగో వంతుకు మించి తక్కువగా ఉన్నాయి. అందుకు వాడిన పరికరాల్లో ముఖ్యమైనవి బీపీ యంత్రం, ఒక రిజిస్టరు.

మన దేశంలోనూ 2017లో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఇదే దారి పట్టింది. తెలంగాణ మొదటి అయిదు రాష్ట్రాల్లో ఒకటి. అందరికీ ఒకే రకమైన మందుల క్రమం, నెలకు సరిపడా మాత్రలు ఇంటికి దగ్గరలోనే ఇవ్వడం, రానివారిని గుర్తించి పిలవడం దాని పద్ధతి. మైదాన ప్రాంతంలో అయిదు వేల జనాభాకు ఒక ఉపకేంద్రం, ముప్పయి వేలకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది మన ప్రమాణం. నేను అటువంటి ఒక కేంద్రంలో పనిచేసిన రోజుల్లో చూసిందేమిటంటే, మాత్రలు నెలకు బదులు పది రోజులకే ఇచ్చినప్పుడు రోగులు మూడోసారికి రావడం మానేసేవారు. ఉచితమైన మాత్ర కోసం మూడుసార్లు బస్సు ఎక్కి మూడు రోజుల కూలి పోగొట్టుకోవడం ఎవరికి సాధ్యం? రాత్రి తొమ్మిదింటికి కూడా తలుపు తీసే ఆర్‌ఎంపీ దగ్గరకు జనం వెళ్లేది తెలివి లేక కాదు, ఆ వేళకు ఆయన ఒక్కడే దగ్గరలో ఉన్నందువల్ల.

డబ్బు లెక్క కూడా చూద్దాం. దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో ప్రజలు నేరుగా తమ జేబు నుంచి పెట్టేది 2013–14లో 64.2 శాతం ఉండగా 2021–22లో 39.4 శాతానికి తగ్గింది. ఇది మంచి మార్పే. అయినా వందలో నలభై రూపాయలు ఇంకా రోగి జేబు నుంచే పోతున్నాయి. 2025 నాటికి ప్రభుత్వ వ్యయం స్థూల దేశీయోత్పత్తిలో రెండున్నర శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పగా, 2021–22లో అది 1.84 శాతం దగ్గరే ఉంది. పెరిగే ప్రతి రూపాయిలో ఎక్కువ భాగం పెద్ద ఆసుపత్రుల బిల్లులకు కాకుండా ఉపకేంద్రంలో మాత్రల నిల్వకు, అక్కడ పనిచేసే ఏఎన్ఎంల (నర్సుల) ఖాళీలు నింపడానికి వెళ్లాలన్నది నా గట్టి అభిప్రాయం.

మీ నాన్నగారికి ఇక నుంచి బీపీ మాత్ర జీవితాంతం కావాలి. రెండోసారి పక్షవాతం రాకుండా కాపాడేవాటిలో ముఖ్యమైనది అదే. ఊరి ఆశా కార్యకర్తతో మాట్లాడి ఆయన పేరును ఉపకేంద్రం రిజిస్టరులో ఎక్కించండి, నెల మాత్రలు ఒకేసారి అడిగి తీసుకోండి. చేతికి వ్యాయామం మొదటి ఆరు నెలల్లో ఎంత ఎక్కువ చేయిస్తే అంత మేలు కనుక ఫిజియోథెరపిస్టు చూపించిన కదలికలను ఫోనులో వీడియో తీసి అమ్మగారికి పంపండి. ఆయనను లేపడం, కూర్చోబెట్టడం, స్నానం చేయించడం అన్నీ ఇప్పుడు ఆమె మీదే ఉన్నాయి. ఆమె ఎలా ఉన్నారో మీ ఉత్తరంలో ఒక్క మాటా లేదు. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు నాన్నగారితో పాటు ఆమెకు కూడా బీపీ, షుగరు, రక్తం పరీక్ష చేయించండి. వారంలో రెండు రోజులైనా సాయానికి ఒక మనిషిని పెట్టండి.